గుండె తప్ప ఇంకేమైనా అడగండి

ఇస్త్రీ పిన్నికి కోపం వచ్చిన రోజు చొక్కా మడత అంచుతో ఉల్లిపాయలు తరుక్కోవచ్చని ఆ వీధిలో చెప్పుకునేవాళ్ళు. ఆవిడ కొట్టు వీధి మొదట్లో ఉంది. పేరు ప్రతిష్ఠలు మాత్రం వీధి చివరనున్న పెద్దాసుపత్రిలో ఉన్నాయి.

ఎందుకంటే ఆవిడ గుండెలో ఒక వాల్వు సరిగ్గా మూసుకోదు. చిన్నప్పుడు వచ్చిన కీళ్ళ జ్వరం పోతూ పోతూ దాన్ని పాడుచేసి పోయింది. గుండె కొట్టుకున్నప్పుడల్లా కాస్త రక్తం వెనక్కి తన్ని "వుష్షు"మంటుంది. చెవిలో గొట్టం పెట్టుకున్నవాళ్ళకి ఆ చప్పుడు వినబడుతుంది. పెట్టుకోనివాళ్ళకి కూడా వినబడుతుందని పిన్ని మొగుడి వాదం.

"పెళ్ళైన కొత్తలో ఇంట్లో పాము దూరిందని మూడు రోజులు కర్ర పట్టుకుని గోడవారగా కూర్చున్నా. నాలుగో రోజు తెలిసింది, పాము కాదు, మా ఆవిడ గుండె" అని వచ్చినవాళ్ళందరికీ చెప్పేవాడు.

డాక్టరీ చదివే పిల్లలకి పరీక్ష కాగితం మీదే కాదు, మనిషి మీద కూడా ఉంటుంది. మంచం మీద రోగి, పక్కన విద్యార్థి, చేతిలో అరగంట. ఆ తర్వాత ఎక్కడినుంచో వచ్చిన పరీక్షాధికారి కళ్ళజోడు ముక్కు మీదికి జార్చి, "ఏం జబ్బు? ఏ టెస్టులు రాస్తావు?" అని అడుగుతాడు. పదకొండేళ్ళుగా ఆ పరీక్షలో ఆరో నంబరు మంచం పిన్నిదే. ఆవిడ గుండె విని పాసైనవాళ్ళని వరసగా నిలబెడితే ఆ వరస ఆసుపత్రి గేటు దాటి, బస్టాండు చుట్టి, మళ్ళీ ఆవిడ కొట్టు ముందుకే వచ్చి ఆగుతుందట. దారి తప్పిన పిల్లలకి ఆవిడ కనుబొమ్మతో దారి చూపించేది. కుడిపక్క వెతుకుతున్నవాడిని చూసి ఎడమ కనుబొమ్మ ఎగరేసేది. ఆ కనుబొమ్మ ఎన్ని ఇళ్ళలో దీపాలు వెలిగించిందో లెక్కలేదు.

అలాంటి పిన్నికి ఈ ఏడు ఒళ్ళు మండిపోయింది.

నాలుగు నెలలుగా ఆవిడకి ఓపిక లేదు. ఇస్త్రీపెట్టె ఎత్తితే ఎవరో అందులో గోడ కట్టినట్టు బరువు. మూడు మెట్లెక్కితే ముప్పై ఎక్కినట్టు దమ్ము. ఒక పంట్లాముకి ఒక కాలు ఇస్త్రీ చేసి, రెండో కాలికి ముందు స్టూలు మీద కూలబడేది. చెవిలో ఎవరో పిండిమర ఆడిస్తున్నట్టు హోరు.

"ఏమే, మొహం తెల్లబడుతోంది. ఏం రాస్తున్నావు?" అన్నాడు మొగుడు.

"సున్నం రాస్తున్నా. పద ఆసుపత్రికి."

ఓపీలో కూర్చున్న కుర్రడాక్టరు ఆవిడ్ని చూడగానే కుర్చీలోంచి లేచిపోయాడు. "పిన్నీ! నువ్వా! నీ గుండె వినేగా నేను గట్టెక్కింది!" అంటూ గొట్టం పెట్టాడు. విన్నాడు. మొహం వెలిగిపోయింది. పక్క గదిలోంచి నలుగురు జూనియర్లని కేకేశాడు. నలుగురూ వరసగా విన్నారు.

"అబ్బ! ఈ ఏడు భలే గట్టిగా వినిపిస్తోంది పిన్నీ!"

"గట్టిగా వినిపిస్తే మంచిదా బాబూ?"

"మాకు మంచిదే!" అని అందరూ నవ్వారు. ఒంట్లో నీరు తీసే బిళ్ళ ఒకటి ఎక్కువ రాసి, "వాల్వే పిన్నీ, ఇంకేముంటుంది" అని పంపించారు.

నెల తర్వాత మళ్ళీ వెళ్ళింది. ఈసారి ఇంకో డాక్టరు, ఆయనా ఆవిడ కనుబొమ్మ పుణ్యాన పాసైనవాడే. మళ్ళీ గొట్టం, మళ్ళీ కేక, ఈసారి ఆరుగురు. మూడోసారి వెళ్తే తొమ్మిది మంది విన్నారు. తొమ్మిదోవాడు దంతవైద్యం చదివే పిల్లాడట, దారిన పోతూ ఆగాడు. అందరూ "వాల్వే" అన్నారు. అందరూ "భలే" అన్నారు. ఇంటికొచ్చేసరికి ఆవిడకి నడుస్తున్నానో తేలుతున్నానో తెలియలేదు.

అంతలో పెద్ద పరీక్ష రెండు రోజుల్లోకి వచ్చింది. రివిజన్‌కి రమ్మని కబురు. వెళ్ళనని పిన్ని భీష్మించుకుంది. మొగుడే నచ్చజెప్పాడు. "ఇస్త్రీ అయిన పెద్దడాక్టరు తెల్లకోట్లు ఇచ్చి రావాలి కదా. నువ్వు రా. అక్కడ ఇరవై మంది ఉంటారు, ఒక్కడైనా కనిపెట్టకపోతాడా."

పొద్దున పదింటికి వార్డులో ఆరో నంబరు మంచం చుట్టూ పిల్లలు గుమిగూడారు. మొగుడు కోట్ల మూట ఒళ్ళో పెట్టుకుని స్టూలు మీద కూర్చున్నాడు. పిల్లల్లో ముందు నిలబడ్డవాడు ఫస్టు ర్యాంకు. వాడికి ఆ పేరు మొదటి ఏడాదే పడింది. పుస్తకంలో ఏ పేజీలో ఏ బొమ్మ కింద చీమ నలిగిందో కూడా చెప్పగలడు. అందరి వెనకా గోడకి ఆనుకుని నిలబడ్డ అమ్మాయికి పడ్డ పేరు దండయాత్ర. రెండుసార్లు తప్పి మూడోసారి రాస్తోంది. రోగితో మాటల్లో పడితే ఆ అమ్మాయికి గడియారం కనబడదు. గంట కొట్టేసరికి రోగి కథ ఇంకా పెళ్ళి దాకానే వచ్చి ఉండేది.

ఫస్టు ర్యాంకు చంకలోంచి ఎర్ర అట్ట పుస్తకం తీశాడు. సీనియర్లు జూనియర్లకి అప్పగించే పుస్తకం అది. ఏ మంచం మీద ఎవరుంటారో, జవాబేమిటో అన్నీ అందులో ఉంటాయి. దాని సంగతి పిన్ని వినడమే గానీ ఎప్పుడూ చూడలేదు.

"అందరూ వినండిరా" అని వాడు గడగడా చదివాడు. "ఆరో మంచం. ఇస్త్రీ పిన్ని. మంచి మనిషి. అడిగితే కీళ్ళ జ్వరం సంగతి తనే చెబుతుంది. ఎడమపక్కకి తిప్పి పడుకోబెట్టి వినాలి. జవాబు: వాల్వు లీకు. గుండె ఫోటో, ఈసీజీ, ఎక్స్‌రే రాస్తే చాలు. వేరే ప్రశ్నలు అడగొద్దు, టైము దండగ."

పిన్ని లేచి కూర్చుంది.

"ఆఖరి మాట మళ్ళీ చదువు."

"ఏది పిన్నీ?"

"ఆ దండగ."

ఫస్టు ర్యాంకు పుస్తకం మూసేశాడు. "అది... సీనియర్లు రాసింది పిన్నీ. నువ్వు కాస్త ఎడమపక్కకి తిరుగుతావా, మేం మొదలుపెడతాం..."

"తిరగను."

పిన్ని దుప్పటి మెడ దాకా లాక్కుంది. ఆవిడ గొంతు మామూలుగానే కంచు. ఇప్పుడు దానికి నాలుగు నెలల మంట తోడైంది. ఆ కేకకి మూడు వార్డుల అవతల నిద్రపోతున్న రోగి లేచి, డిశ్చార్జి చేశారనుకుని చెప్పులేసుకున్నాడట.

"ఇవాళ నా గుండె ఎవరూ ముట్టుకోవడానికి వీల్లేదు! తీయండి ఆ గొట్టాలు. తీసి ఇలా ఇవ్వండి!"

"పిన్నీ, ఎల్లుండే పరీక్ష..."

"ఇస్తారా, ఎల్లుండి నేను రావడం మానేయనా?"

ఇరవై గొట్టాలు ఆవిడ ఒళ్ళోకి వచ్చిపడ్డాయి. వాటిని కుప్పగా పోగేసి మొగుడి మూట మీద పడేసింది. ఆయన తన జన్మలో అన్ని చెవులు ఒకచోట చూడలేదు.

"ఊఁ, కానివ్వండి. గుండె తప్ప ఇంకేమైనా అడగండి. నాకేం జబ్బో చెప్పండి."

పిల్లలు బెల్లం కొట్టిన రాళ్ళలా నిలబడ్డారు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో కూడా ఎవరికీ తెలియలేదు.

"గుండె వినకపోతే నీలో ఇంకేముంటుంది పిన్నీ?" అన్నాడు ఫస్టు ర్యాంకు. వెటకారం కాదు, పాపం నిజంగానే అడిగాడు.

"ఇంకేముంటుందా? కళ్ళున్నాయి, కాళ్ళున్నాయి, కడుపుంది! ఈ గుండెని మోసుకు తిరిగే మనిషొకత్తె ఉంది! నాలుగు నెలలుగా చస్తున్నా. మూడుసార్లు వచ్చా. పందొమ్మిది మంది విన్నారు. ఒక్కడు, ఒక్కడంటే ఒక్కడు, నీకేమైందమ్మా అని అడిగాడా? పెళ్ళిలో బ్యాండు మేళం విన్నట్టు విని చప్పట్లొకటే తక్కువగా వెళ్ళిపోయారు!"

వెనకనుంచి దండయాత్ర ముందుకొచ్చింది. మంచం పక్కన మోకాళ్ళ మీద కూర్చుంది, పిన్ని మొహానికి తన మొహం సమానంగా వచ్చేలా.

"మీకేం బాధండీ పిన్నీ?"

ఆ మాట వినగానే పిన్ని నోరు తనంతట తనే తెరుచుకుంది. "చిన్నప్పుడు కీళ్ళ జ్వరమండీ, పదేళ్ళప్పుడండీ, మోకాళ్ళు వాచాయండీ, తర్వాత్తర్వాత ఆయాసమండీ, మెట్లెక్కితే ఎక్కువండీ, ఛాతీలో నొప్పి లేదండీ, కాళ్ళ వాపు..."

బస్సులో స్టాపుల పేర్లు చదివినట్టు చదువుకుంటూ పోయి, కాళ్ళ వాపు దగ్గర ఆగిపోయింది. తన గొంతు తనకే వినబడింది. పదకొండేళ్ళు వల్లెవేసిన పాఠం. ఓపీలో మూడుసార్లూ "ఎలా ఉంది పిన్నీ" అన్నప్పుడు కూడా తను ఇదే అప్పజెప్పింది. అంటే వాళ్ళు అడిగారు. తనే చెప్పలేదు. ఇప్పుడు ఆ మంటకి ఎటు పోవాలో తెలియక ఆవిడ మీదికే తిరిగింది.

"ఛీ! నా నోరు పడ! అది కాదు, అది కాదు..."

"అది ఎర్ర పుస్తకంలో ఉంది లెండి" అంది దండయాత్ర మెల్లగా. "ఈ నాలుగు నెలల సంగతి చెప్పండి. మొదట ఏం చేయలేకపోయారు?"

"పెట్టె ఎత్తలేకపోయా."

"అంతకు ముందు?"

"అంతకు ముందు మోకాళ్ళు నొప్పి. పొద్దస్తమానం నిలబడే పని కదమ్మా. మెడికల్ షాపులో బిళ్ళలిచ్చారు, వేసుకుంటే భలే తగ్గేది. రోజూ రెండు."

"మూడు" అన్నాడు మొగుడు స్టూలు మీంచి.

"నిన్నెవరు అడిగారయ్యా? సరే, మూడు. ఒక్కోసారి నాలుగు."

"ఎన్నాళ్ళుగా?"

"ఏడాది."

"కడుపులో మంటగా ఉంటుందా?"

"ఉంటుంది. కోపమనుకున్నా."

అంత కోపంలోనూ ఎవరో కిసుక్కున నవ్వారు. దండయాత్ర నవ్వలేదు. "దొడ్డికి ఎలా వస్తోంది పిన్నీ? రంగు?"

ఇరవై మంది ముందు ఆ ప్రశ్నకి పిన్ని మొహం తిప్పుకుంది. గోడకి చెబుతున్నట్టు చెప్పింది. "నల్లగా. తారులా. జిగటగా."

దండయాత్ర బొటనవేలితో ఆవిడ కింది కనురెప్ప కిందికి లాగింది. ఎర్రగా ఉండాల్సిన చోట ఉతికి ఆరేసిన గుడ్డలా ఉంది. నాలుక చాపమంది. పాలిపోయి నున్నగా ఉంది. గోళ్ళు చూసింది. మధ్యలో గుంటలు పడి చిన్న చెంచాల్లా ఉన్నాయి. నాడి పట్టుకుంది. పరుగుపందెంలో ఉన్నట్టు కొట్టుకుంటోంది.

"రక్తం లేదు" అంది దండయాత్ర. "నొప్పి బిళ్ళలకి కడుపులో పుండు పడి ఉంటుంది. కొంచెం కొంచెంగా కారిపోతోంది."

ఫస్టు ర్యాంకుకి ఒక్కసారిగా ప్రాణం లేచొచ్చింది. పరీక్షలో అడిగినట్టే అందుకున్నాడు. "రక్తహీనత! ముందు హిమోగ్లోబిన్, రక్తకణాల సైజు, తర్వాత ఒంట్లో ఇనుము నిల్వ, మలంలో రక్తం టెస్టు, ఎండోస్కోపీ. నొప్పి బిళ్ళలు వెంటనే ఆపాలి. బాగా తక్కువుంటే రక్తం ఎక్కించాలి, గుండె జబ్బుంది కాబట్టి మెల్లగా ఎక్కించాలి. రక్తం పలచబడితే జోరుగా పారుతుంది, అందుకే గుండె చప్పుడు గట్టిగా..."

అని అక్కడ వాడి నోరు ఆగిపోయింది.

పిన్ని వాడినే చూస్తోంది. "ఆపావేం నాయనా? చెప్పు. అందుకే గట్టిగా?"

"వినిపిస్తుంది" అన్నాడు వాడు. వాడి మొహంలో కూడా రక్తం లేదు.

"అంటే నేను కారిపోతుంటే మీరు భలే భలే అన్నారన్నమాట. ఇంత తెలిసినవాడివి, నోటినిండా ఇన్ని టెస్టులు పెట్టుకున్నవాడివి, నా కనురెప్ప ఒక్కసారి కిందికి లాగడానికి నీకు ఏ వేలు అడ్డొచ్చిందిరా?"

ఎవరో కేసు షీటు తెచ్చి తిరగేశారు. గుండె ఫోటోలు దిండంత ఎత్తున్నాయి. రక్తం టెస్టు ఒక్కటే ఉంది, ఆరేళ్ళ క్రితంది.

సరిగ్గా అప్పుడే పెద్దడాక్టరు వచ్చాడు. పదకొండేళ్ళ క్రితం ఆసుపత్రిలో పిన్ని గుండె చప్పుడు మొదట విన్నది ఆయనే. దాన్ని తనే కనిపెట్టినట్టు చెప్పుకునేవాడు. వస్తూనే మొగుడి మూట మీదున్న గొట్టాల కుప్పని చూసి, "ఏమిటయ్యా, ఇవి కూడా ఇస్త్రీకి వేశారా?" అన్నాడు.

దండయాత్ర సంగతంతా చెప్పింది. ఒక్క ముక్క వదల్లేదు. పెద్దడాక్టరు తలూపుతూ విన్నాడు. చేతిలో తాళాల గుత్తి ఆడిస్తూ గడియారం చూసుకున్నాడు.

"బాగా పట్టావమ్మా. చేయిద్దాం, అన్నీ చేయిద్దాం. ఎల్లుండి పరీక్ష అవ్వగానే చేర్చుకుందాం."

"ఎల్లుండా?" అంది పిన్ని.

"రెండు రోజులే కదమ్మా. ఇన్నాళ్ళు ఆగావు. ఇప్పుడు రక్తం ఎక్కిస్తే ఆ చప్పుడు తగ్గిపోతుంది. బయటినుంచి పరీక్షాధికారులు వస్తున్నారు, వాల్వు కేసుకి నువ్వు తప్ప ఇంకెవరూ లేరు. పదకొండేళ్ళ అనుబంధం మనది. కాలేజీ పరువు కాస్త..."

పిన్ని మంచం దిగింది. దిగగానే కళ్ళు తిరిగాయి. మంచం కడ్డీ పట్టుకుని నిలబడింది. మొగుడు లేవబోతే చేత్తో ఆపింది. ఈసారి కేకెయ్యలేదు. మెల్లగా మాట్లాడింది. ఆవిడ మెల్లగా మాట్లాడటం అదే మొదటిసారి కాబట్టి వార్డులో మూలుగుతున్నవాళ్ళు కూడా మూలగడం ఆపి విన్నారు.

"సరే అయ్యా. ఎల్లుండి వస్తా. ఇదే మంచం మీద పడుకుంటా. ఎవరొచ్చి ఏం బాధ అన్నా గుర్రం తన్నిందని చెబుతా. రెండోవాడికి పన్ను పోటని చెబుతా. మూడోవాడికి కీళ్ళ జ్వరం మా అత్తకొచ్చింది, నాకు కాదని చెబుతా. గుండె వింటామంటే కుడిపక్కకి తిరిగి పడుకుంటా. మీ బయటివాళ్ళు వచ్చి, అమ్మా ఇదేమిటని అడిగితే, ఈ కనురెప్ప ఇలా లాగి చూపించి, ఇది దాచిపెట్టి నన్ను పడుకోబెట్టారయ్యా అని చెబుతా. ఇది మాత్రం అబద్ధం కాదు."

పెద్దడాక్టరు చెయ్యెత్తి ఆపబోయాడు.

"అమ్మా, కోపంలో ఉన్నావు..."

"ఉన్నా. కనబడుతోందా? పోన్లే, గుండె కాకుండా నాలో ఒక్కటైనా కనబడింది. రండి, మీరూ లాగి చూడండి. పదకొండేళ్ళ అనుబంధం అన్నారుగా. ఒక్కసారి కంట్లోకి చూడండి."

ఆయన రాలేదు. పిన్నే ఒక అడుగు ముందుకేసి, ఆయన మొహం ముందు తన కనురెప్ప తనే కిందికి లాగి నిలబడింది. పెద్దడాక్టరు చూశాడు. ముప్పై ఏళ్ళుగా కళ్ళు చూస్తున్నవాడు, ఒక్క చూపు చాలు. ఆయన చేతిలోని తాళాల గుత్తి గలగలమనడం ఆగిపోయింది.

జేబులోంచి పెన్ను తీశాడు. "కాగితం తే" అన్నాడు దండయాత్రతో, ఆ అమ్మాయి వైపు చూడకుండా. నిలబడే రాశాడు. రక్తం టెస్టు, గ్రూపు, ఎండోస్కోపీ, ఇవాళే చేర్చుకోవాలి. సంతకం పెట్టాడు.

"ఆరో మంచానికి ఇంకో కేసు చూడండి" అని వెళ్ళిపోయాడు.

మధ్యాహ్నానికి రిపోర్టు వచ్చింది. పన్నెండు ఉండాల్సిన హిమోగ్లోబిన్ నాలుగున్నర ఉంది. ల్యాబులో నమ్మక రెండుసార్లు చేశారట. ఇంత తక్కువుండి ఈవిడ మంచం దిగి పెద్దడాక్టరుతో పోట్లాడిందంటే, నిండుగా ఉన్న రోజుల్లో ఆసుపత్రి కప్పు ఎలా నిలిచిందా అని ల్యాబు మనిషి ఆశ్చర్యపోయాడు. ఎండోస్కోపీలో కడుపులో పుండు కనబడింది, రూపాయి బిళ్ళంత, ఇంకా రక్తం ఊరుతోంది. కుట్టడానికేం లేదు, మందులకి మానుతుందన్నారు. ఇంకో రెండు వారాలు ఆగుంటే ఏమయ్యేదో మాత్రం ఎవరూ అనలేదు. అనక్కర్లేదు కూడా.

ఆడవాళ్ళ వార్డులో కిటికీ పక్క మంచం ఇచ్చారు. మొదటి రక్తం సంచి వేలాడదీసి, చుక్కలు లెక్కపెట్టుకునేంత మెల్లగా వదిలారు. సాయంత్రం పెద్దడాక్టరు ఒంటరిగా వచ్చాడు, వెనక పిల్లలెవరూ లేకుండా. మొగుడు స్టూలు ఖాళీ చేశాడు. ఆయన కూర్చోలేదు.

"అమ్మా, ఇందాక నేనలా అనకుండా ఉండాల్సింది. ఈ పనిలో పడి... నువ్వు ఏమైనా అనదలుచుకుంటే అనమ్మా. పడతాను."

పిన్ని దిండు మీంచి తల ఎత్తబోయి ఎత్తలేకపోయింది. అనాల్సినవి నాలుగు నెలలవి ఉన్నాయి. పదకొండేళ్ళవి కూడా ఇప్పుడిప్పుడే గుర్తొస్తున్నాయి. నోటిదాకా వచ్చినవి అక్కడే చతికిలబడ్డాయి.

"ఇప్పుడు తిట్టడానికి ఓపిక లేదయ్యా" అంది. "వెళ్ళండి."

ఆయన కాస్త తేలిగ్గా ఊపిరి పీల్చుకుని వెళ్ళిపోయాడు.

మర్నాడు పొద్దున్నకి రెండో సంచి అయిపోయింది. పిన్ని కళ్ళు తెరిచింది. చెవిలో హోరు ఆగిపోయింది. వేళ్ళు వెచ్చగా ఉన్నాయి. తనంతట తనే లేచి కూర్చుంది. జుట్టు ముడేసుకుంది. దిండు వీపుకి ఆనించుకుని, దుప్పటి మోకాళ్ళ మీద సమంగా సర్దుకుంది. నర్సు నాడి చూద్దామని వస్తే చెయ్యి చాపుతూనే అడిగింది.

"పెద్దడాక్టరు వచ్చారా?"

"వచ్చారు పిన్నీ, గదిలో ఉన్నారు. ఏమైనా ఇబ్బందిగా ఉందా?"

"ఏం లేదమ్మా, బాగున్నా" అంది పిన్ని. "రమ్మను. ఓపిక వచ్చింది."